నిట్టనిలువు దారి : ఒక కారాగార చరిత్రము

కారాగారములనుండి వెలువడిన గ్రంథములను మనము జాలితో చదువుదుము. జాలి నిండిన మనస్సునకు విమర్శ కఠినముగా దోచును. కాని ఎవ్గేనియా గింజ్‌బుర్గ్ అను రష్యా రచయిత్రి స్వీయచరిత్రము జాలికంటె విచారణనే ఎక్కువగా కోరును. విద్యావతియైన స్త్రీకి విద్య యేమి చేసినది, ఏమి చేయలేకపోయినది అను ప్రశ్న దానియందు మొదటినుండి తుదివరకు గలదు. స్త్రీవిద్యయందు నమ్మకముగల ప్రతి గృహమునను ఈ ప్రశ్న చర్చింపదగినది.

గింజ్‌బుర్గ్ 1904లో జన్మించెను. కజాను నగరమున ఆమె అధ్యాపకురాలు, పత్రికారచయిత్రి, కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలు. ఇద్దరు కుమారుల తల్లి. స్టాలిను నిరంకుశత్వము ముదిరిన 1937 ఫిబ్రవరిలో ఆమెను నిర్బంధించిరి. ఒక సహోద్యోగి వ్రాసిన చరిత్రవ్యాసమందలి దోషమును ఖండింపలేదనుట ఆమెపై వచ్చిన తొలి నింద. అదియే పెరిగి, రహస్య హింసాసంఘమున చేరినదను నేరమయ్యెను. ఆ యాగస్టులో న్యాయవిచారణ ఏడు నిమిషములలో ముగిసెను. శిక్ష పదేండ్లు. మరణదండనమునకు సిద్ధపడియున్న ఆమెకు ఆ పదేండ్లు వరమువలె దోచినవి. న్యాయమెంత దిగజారినదో ఈ యొక్క సంతోషమే చెప్పుచున్నది.

యారోస్లావ్లు చెఱసాలలో రెండేండ్లు గడచిన పిమ్మట, 1939లో, డెబ్బదిమందికి పైగా స్త్రీలతో ఒకే రైలుపెట్టెలో ఆమెను తూర్పునకు తరలించిరి. దినమునకు మనిషికి ఒక్క మగ్గు నీరు. ఆపైన ఓడపై కొలీమా; అచ్చట ఎల్గెన్ శిబిరమున మంచులో చెట్లు నఱకుట. 1947లో విడుదల, 1949లో తిరిగి నిర్బంధము, 1955లో నిర్దోషియని తీర్పు. పదునెనిమిదేండ్లు ఇట్లు గడచినవి.

ఈ కాలమంతయు ఆమెను నిలిపినది ఏది? పుస్తకమునందే యుండిపోయిన విద్య అక్కఱకు రాదని సంస్కృతనీతి. ఆ నీతికి ఇంతకంటె నిదర్శనము దొరకదు. కజాను చెఱలో ప్రక్కగదినుండి గోడపై తట్టుచున్న చప్పుడు వినబడగా, జారుకాలమున ఇరువదేండ్లు చెఱయనుభవించిన వేరా ఫిగ్నర్ స్వీయచరిత్రము ఆమెకు జ్ఞప్తికి వచ్చెను. అందు వర్ణితమైన తట్టుడు అక్షరమాలతో ఆమె పొరుగు ఖైదీతో సంభాషింపగలిగెను. ఒక స్త్రీ తన చెఱను గూర్చి వ్రాసిన గ్రంథము మఱియొక స్త్రీకి చెఱలో భాషయయ్యెను. రైలుపెట్టెలో ఆమె తోడిస్త్రీలకు కావ్యములు వినిపించుచుండగా, నిషిద్ధమైన పుస్తకమేదో దాచినదని కావలివారు మీదికి వచ్చిరి. పుస్తకము లేదనిన నమ్మలేదు. అపుడామె పుష్కిన్ కావ్యమును వారి యెదుటనే కంఠతా చదివి పరీక్షలో నెగ్గెను. వెదకినను దొరకని పుస్తకము ఆమె కంఠముననే యుండెను!

ఇంతటితో ఆగినచో ఈ గ్రంథము విద్యకు స్తోత్రపాఠము మాత్రమే యగును. గింజ్‌బుర్గ్ అంతటితో ఆగలేదు. ఇంత చదివినదే, తన్ను పట్టువఱకు ఆ ప్రభుత్వము నిజస్వరూపమును గుర్తింపలేకపోయెను. ఇతరులు నిందితులైనపుడు ఏదో నేరమున్నదేమోయని నమ్మినవారిలో తానును ఒకతె. రెండవభాగమున ఆమె తన్ను తానే బోనులో నిలుపుకొనును: సభలలో చేయి యెత్తుటయు, మౌనము వహించుటయు కూడ పాపములో పాలుపంచుకొనుటయే యని నిర్ణయించును. విద్య ఆపదలో ఓర్పు నిచ్చెను. ఆపదకు ముందు మెలకువ నీయలేదు. బాలికలకు పాఠశాలలు తెఱచినంతనే పని ముగిసినదని తలచువారు ఈ తారతమ్యమును గమనింపవలెను. చదువుటతోపాటు సందేహించుట నేర్పని విద్య సగము విద్యయే.

దోషములు లేకపోలేదు. ఇరువదేండ్లకు పైబడిన సంభాషణములు అక్షరము తప్పక వినిపించుట చదువరికి శంక కలిగించును. కొన్ని ప్రకరణములు కథలవలె మిక్కిలి పొందికగా ముగియును. మొదటిభాగము చివర పార్టీ సత్యములపై ఆమె ప్రకటించిన విశ్వాసము, అంతవఱకు చదివిన దానితో పొసగదు. ఐనను ఈ పొసగమిని నేను గ్రంథమునకు లోపముగా నెంచను. ఒక మనస్సు తన నమ్మకమును ఎంత మెల్లగా, ఎంత బాధతో విడుచునో అది చూపుచున్నది. ఎల్గెన్‌లో ఖైదీల బిడ్డలుండు శాలను వర్ణించు పుటలలో, నాలుగేండ్లు వచ్చినను మాటలు సరిగా రాని పిల్లలను చూచునప్పుడు, ఆమెకు ఏ సిద్ధాంతమును అడ్డురాదు. కన్ను చూచినదే కలము వ్రాసెను.

ఆంగ్లానువాదకులు దీనికి సుడిగాలిలోనికి ప్రయాణమను పేరు పెట్టిరి. రష్యను పేరునకు నిట్టనిలువు దారి యని యర్థము. మూలనామమే మేలు. సుడిగాలి మనుష్యుని ఎత్తుకొనిపోవును. నిట్టనిలువు దారిని తన కాళ్లతోనే ఎక్కవలెను.

1967లో ఇటలీలో వెలువడిన ఈ గ్రంథము, 1977లో ఆమె మరణించువఱకును స్వదేశమున అచ్చు కాలేదు. పెద్దకుమారుడు లెనిన్‌గ్రాడు ముట్టడిలో మరణించెను. నాలుగేండ్ల ప్రాయమున విడిచివచ్చిన చిన్నవాడు, తరువాత ప్రసిద్ధ రచయితయైన వసీలీ అక్స్యోనోవ్, 1948లో మగదానులో తల్లిని చేరెను. ఆ తొలిరాత్రి అతడు వినిపించిన పద్యములు, చెఱలో ఆమె ప్రాణము నిలిపినవే. రాజ్యము తల్లిని బిడ్డను దాదాపు పండ్రెండేండ్లు వేఱుచేసెను. వారి కంఠములలోని కవిత్వమును వేఱుచేయలేకపోయెను.