ముందు అవతలివాడి మాట

దేవుడున్నాడా లేడా అని వాదించడం కూడా సాధన చేసి నేర్చుకోవాల్సిన విద్యే. మా సదుంలో ఈ మాట ఎత్తితే ఎక్కువగా వినబడేది కుండ వాదన. కుండ ఉందంటే చేసిన కుమ్మరి ఉన్నాడు, లోకం ఉందంటే దాన్ని చేసినవాడూ ఉండాల్సిందే అంటారు. మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు సుమారు వెయ్యేళ్ల కింద ‘న్యాయకుసుమాంజలి’లో దీన్నే గట్టి తర్కంగా నిలబెట్టాడు. ఎదుటి పక్షంలో బౌద్ధులున్నారు, చార్వాకులున్నారు, వేదాన్ని నమ్మి కూడా ఈశ్వరుణ్ణి ఒప్పుకోని మీమాంసకులున్నారు. వాళ్ల అభ్యంతరాలు ముందు తానే చెప్పి, ఆ తర్వాతే జవాబిచ్చాడు.

కుమ్మరి పనిలోనే జుట్టు నెరిసిన ఒక పెద్దాయన ముందు ఈ వాదన వచ్చింది. ఆయన చేతిలో పని ఆపకుండానే అన్నాడు: “కుండ నేనొకణ్ణే చేస్తానా సామీ? మన్ను తెచ్చేదొకరు, తొక్కేదొకరు. ఆవం పేర్చాలంటే ఇంటిల్లిపాదీ కావాల.”

రామానుజాచార్యులు శ్రీభాష్యంలో ఎత్తిన అభ్యంతరం కూడా దాదాపు ఇదే. ఇంత పెద్ద లోకాన్ని ఒక్కడే, ఒకేసారి చేశాడనడానికి కుండ ఎట్లా సాక్ష్యమవుతుంది? పెద్ద పనులు పలువురు కలిసి చేయడమే కదా మనం చూస్తున్నది! స్కాట్లండ్ తాత్వికుడు హ్యూమ్ ఇలాంటి ప్రశ్నే వేసిన పుస్తకం అచ్చయింది 1779లో. హ్యూమ్ సంశయవాది, రామానుజులు పరమ భక్తుడు. దేవుణ్ణి వేదశాస్త్రం వల్లే తెలుసుకోవాలి, తర్కంతో ఊహించి కాదన్నది రామానుజుల పట్టు. భక్తుడే ఆ రుజువును విరగ్గొట్టాడు. నాకు ఇది ఎంత గొప్పగా తోస్తుందో చెప్పలేను. నేనూ దేవుణ్ణి నమ్మేవాణ్ణే, కుండ వాదనను మాత్రం రుజువని ఒప్పుకోను.

ఎదుటి పక్షంతో మర్యాదగా చర్చించినవాళ్లలో నాస్తికుల వైపు గోరా ఉన్నారు. 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టిన ఆయన, గాంధీజీతో ఎదురుగా కూర్చుని తన నాస్తికత్వాన్ని చర్చించారు. గోరా కూతురి కులాంతర వివాహం సేవాగ్రామ్‌లో జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. గాంధీజీ హత్య తర్వాత, 1948లో, ఆ పెళ్లి అక్కడే జరిగింది.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం కాలేజీ పిల్లలకు నాదొక విన్నపం. ఈసారి ఈ చర్చ వస్తే గొంతు పెంచకండి. ముందు అవతలివాడి వాదనను, “ఔను, నేనన్నది ఇదే” అని అతను ఒప్పుకునేట్టు మీరే చెప్పండి. మీ జవాబు ఆ తర్వాత మొదలుపెట్టండి.