తల్లిని చూసి గుడ్డు

తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను తెచ్చుకోమన్నారు పెద్దలు. బిలాస్‌పూర్ దసలి పట్టు విత్తనశాలలో ఈ మాటను అక్షరాలా పాటిస్తారు. గుడ్లు పెట్టిన తల్లి పురుగును నూరి, మైక్రోస్కోపు కింద చూశాకే ఆ గుడ్లు రైతు గడప తొక్కుతాయి.

బిలాస్‌పూర్‌లో లింగియాడీహ్ అంటే సీపత్ రోడ్డులోని అపోలో ఆసుపత్రే అందరికీ గుర్తు. రైల్వే ఉద్యోగాలకు వచ్చి ఈ ఊళ్లో స్థిరపడిన మన తెలుగువాళ్లు పెళ్లిళ్లకు చాంపా కోసా (ఇక్కడ దసలి పట్టును అలాగే అంటారు) చీరలు కొంటారు గానీ, ఆ చీర పురుగు దగ్గర మొదలవుతుందని తలచుకునేవాళ్లు తక్కువ. సర్కండాలో వ్యవసాయ కళాశాల, కోనీలో గురు ఘాసీదాస్ విశ్వవిద్యాలయం, ఊరి బయట పెండారీలో కేంద్ర పట్టు మండలివారి దసలి విత్తన సంస్థ ఉన్నాయి. మన చెన్నూరు విత్తన కేంద్రం కూడా ఆ సంస్థ గొడుగు కిందిదే. ప్రొఫెసర్ల పేర్లు పేపర్ల మీద పడతాయి. నేను మాత్రం తల్లి పురుగును నూరే రోలు పట్టుకున్నవాళ్ల పక్షం.

వాళ్ల పని గూళ్ల ఎంపికతోనే మొదలవుతుంది. గట్టిదేదో మెత్తదేదో వేలితో నొక్కి చెప్పేస్తారు. సాయంత్రం చీకటి పడుతుంటే గూడు చీల్చుకుని రెక్కల పురుగులు బయటికొస్తాయి. వాటికి తిండి లేదు, తినే నోరే లేదు. జతకట్టడం, గుడ్లు పెట్టడం, అంతే వాటి బతుకు. జతను విడదీయడమే అసలు విద్య. కంగారుగా లాగితే ఆడదాని కడుపు చెడుతుంది. నేర్పరి చెయ్యి మెల్లగా తిప్పి విడిపిస్తుంటే చూస్తూ ఉండిపోవాలనిపిస్తుంది. ఒక్కో తల్లి రెండు వందలకు పైగా గుడ్లు పెడుతుంది.

ఆ తర్వాత పరీక్ష. తల్లి కడుపు కొసను కత్తిరించి, మందు నీళ్లతో రోట్లో నూరి, ఒక చుక్క గాజు పలక మీద పెట్టి, ఆరు వందల రెట్లు పెద్దది చేసి చూస్తారు. పెబ్రిన్ రోగం బీజాలు కోలగా, మెరుస్తూ ఉంటాయి. కొవ్వు బొట్లూ మెరుస్తాయి, కాకపోతే అవి గుండ్రం. కొత్తవాళ్లు ఇక్కడే బోల్తా పడతారు. ఆరితేరినవాళ్లు పలక జరిపీ జరపకముందే తేల్చేస్తారు. బీజం కనబడిందా, ఆ గుడ్లన్నీ నిప్పుల పాలే. ఈ రోగం తల్లి నుంచి గుడ్డుకు దిగుతుంది. ఒక్క తల్లిని వదిలేస్తే అడవిలో చెట్టు చెట్టంతా పురుగులు చస్తాయి.

ఈ పద్ధతి లూయీ పాశ్చర్ పెట్టిన భిక్ష. 1865లో ఫ్రాన్సు పట్టు రైతుల గోడు తీర్చబోయేనాటికి ఆయనకు పురుగుల సంగతే తెలియదట. గూడును చెవి దగ్గర ఆడించి, లోపల ఏదో ఉందే అన్నాడని కీటక శాస్త్రవేత్త ఫాబ్ర్ రాశాడు. అలాంటివాడు ఐదేళ్లలో ప్రపంచానికే దారి చూపాడు. మన దేశంలో దసలి పరిశోధనకు 1964లో రాంచీలో కేంద్రం వచ్చింది. అక్కడి శాస్త్రవేత్త జాలీ రెండు జాతులను కలిపి ఓక్ దసలి పురుగును సృష్టించాడు. చరిత్ర ఇంతటితో చాలు.

నాకు మండేది వేరు. మైక్రోస్కోపు ముఖం చూడని గుడ్లను పరీక్షించినవంటూ అంటగట్టేవాళ్లున్నారు. నల్లమద్ది కింద నెల పైచిలుకు కాపలా కాసి, చీమనూ కందిరీగనూ తోలి, చివరికి చచ్చిన పురుగులను ఏరుకునే గిరిజనుడి చేతిలో చిల్లిగవ్వ మిగలదు. ఇదేం న్యాయం? బజారులో ఇంకో దగా. పాలియెస్టర్ కలిపిన బట్టకు కోసా పేరు తగిలిస్తారు. ఒక పోగు కాల్చి చూడండి. వెంట్రుక కాలిన వాసన వచ్చి, బూడిద పొడిగా రాలితేనే పట్టు. ముద్దగా కరిగితే అమ్మినవాడు గడ్డి తిన్నట్టే. 2004లో వచ్చిన సిల్క్ మార్క్ చీటీ అడగడానికి మనకు మొహమాటం, అదే వాళ్లకు పెట్టుబడి.

విత్తనశాలలకూ విశ్వవిద్యాలయాలకూ ఒకటే విన్నపం. రోజుకూలీ పేరుతో ఈ చేతులను ఏడాదికోసారి మార్చకండి. కోల బీజాన్ని గుండ్రని కొవ్వు బొట్టు నుంచి వేరుచేసే కన్ను ఒక్క సీజనులో తయారుకాదు. గుడ్ల పెట్టె మీద సంస్థ ముద్రతోపాటు తల్లిని చూసినవారి పేరు కూడా వేయండి.