గ్రంథకర్తృనామ నిర్దేశము - ఇంటిపేరు

పరిశోధన వ్యాసముల తుదనుండు ఆధారగ్రంథపట్టికలలోఁ గర్తృనామమును వ్రాయుటకు నేఁడు లోకమున మిక్కిలి వ్యాపించిన నియమ మొకటి కలదు. నామమునందలి కడపటి పదమును ముందునకుఁ దెచ్చి, కామా యుంచి, తక్కిన పదములను పిదప వ్రాయవలెను. కొన్ని పద్ధతులలో వానిని పొడియక్షరములుగాఁ గుదింపవలెను. కడపటిది వంశనామమనియు, ముందున్నవి వ్యక్తినామములనియు నీ నియమమునకు మూలమైన యూహ. ఆంగ్లేయనామములకిది సరియే. చార్లెస్ ఫిలిప్ బ్రౌను "బ్రౌను, చార్లెస్ ఫిలిప్" అయినచో నేమియుఁ జెడదు. ఆంధ్రనామములయెడ మాత్రము మూలమే తలక్రిందు.

తెనుఁగున గృహనామము పూర్వపదము. ఇది వాడుకమాత్రము గాదు, వ్యాకరణసిద్ధము. కందుకూరు అను నూరిపేరు గృహనామమగునప్పుడు "కందుకూరి" యైనది. ఊరు శబ్దము "ఊరి" యగునట్లు ఔపవిభక్తికమగు ఇకారము వచ్చినది. బాలవ్యాకరణము చదివినవారి కెల్లరకుఁ దెలిసిన ప్రక్రియయే. షష్ఠ్యర్థమున నున్న యాపదము తనకు విశేష్యమగు "వీరేశలింగము" అను పదము నాకాంక్షించును. "వీరేశలింగము, కందుకూరి" యని వ్రాసినచో విశేష్యము ముందు నిలిచి, ఔపవిభక్తికరూపము అన్వయము లేక తుదను వ్రేలాడును. "కొడుకు, రాముని" యని వ్రాసి యూరకుండుట యెట్టిదో యిదియు నట్టిదే. పరవస్తు, సర్వేపల్లి మొదలగువానియందు వికారము కనఁబడకున్నను పదక్రమ మదియే.

కొందఱు క్రమము చెడకుండ "కందుకూరి, వీరేశలింగము" అని వ్రాయుదురు. ఇది కొంత మేలు. కాని కామా యనునది పదములను వ్యత్యస్తము చేసితిమని తెలుపు గుర్తు. వ్యత్యాసమే లేనిచోట దానికేమి పని? చీనానామములలో వంశనామము మొదటనే యుండుటచేఁ గామా యక్కఱలేదని షికాగో పద్ధతి యంగీకరించుచున్నది. ఆంధ్రుల కా న్యాయమేల చెల్లదు?

బాలవ్యాకరణకర్త విషయమున నియమము నింకను విచిత్రముగాఁ బరిణమించును. పరవస్తు చిన్నయసూరి "సూరి, చి." కావలసివచ్చును. సూరి యనఁగాఁ బండితుఁడు. బిరుదము వంశమైనది, వంశము మాయమైనది! తిక్కన సోమయాజి గతియు నిట్టిదే.

ఇది పరిహాసముతోఁ బోవునది గాదు. "రాధాకృష్ణన్, ఎస్." అను ప్రసిద్ధరూపమునఁ బొడియక్షరముగాఁ గుదింపఁబడినది సర్వేపల్లి యను వంశనామము, నియమము కుదింపుమన్నది వ్యక్తినామమును. వెల్చేరు నారాయణరావు, డేవిడ్ షుల్మన్, సంజయ్ సుబ్రహ్మణ్యం కలసి రచించిన 2001 నాఁటి చరిత్రగ్రంథమును ఇంగ్లీషు పట్టికలలో నొకచో "నారాయణరావు" క్రిందను, వేఱొకచో "రావు" క్రిందను వెదుకవలసియున్నది. రావు మర్యాదాపదము. "రావు, వి. ఎన్." అనఁగా లెక్కలేనంతమందిలో నెవ్వరైనఁ గావచ్చును. ఒక కర్త యిద్దఱగుట, పలువురు కర్త లొక్కఁడగుట, రెండును నీ మార్గముననే సంభవించుచున్నవి.

పాణిని పదుగురు పూర్వాచార్యుల నొక్కొక్క పదముతోనే పేర్కొనెను గదా, యొక్క పదము చాలదా యని యాక్షేపింపవచ్చును. పాణిని స్మరించినది ఆయాచార్యుని ప్రసిద్ధనామమును. స్థానమునుబట్టి కడపటి పదమును గాదు. శాకటాయనుఁడన్న నెవ్వరో శిష్యులకు సందేహము లేకుండెను.

గ్రంథాలయ శాస్త్రజ్ఞులు 1961లోఁ బారిస్ నగరమున సమావేశమై, అనేకపదములుగల కర్తృనామమున మొదటఁ జేర్పవలసిన పదమును సాధ్యమైనంతవఱకుఁ గర్తయొక్క దేశాచారమునుబట్టి నిర్ణయింపవలెనని తీర్మానించిరి. వ్యాసరచనాపద్ధతు లాతీర్మానమును బూర్తిగా ననుసరింపకున్నవి. తెనుఁగు పట్టికలలో గృహనామము మొదలుగాఁ బూర్ణనామమును గామా లేకయు, పొడియక్షరములు లేకయు వ్రాయుట యుక్తము. నన్నయ తిక్కనాదులను బ్రసిద్ధనామముతో నుంచి బిరుదమును వెనుకఁ జేర్పవలెను. అన్యదేశములలో రూఢమైనదానిని మార్పఁబూనుట వృథాశ్రమ. భద్రిరాజు కృష్ణమూర్తి ద్రావిడభాషాగ్రంథము "కృష్ణమూర్తి 2003" అనియే యెల్లెడల నుదాహరింపఁబడుచున్నది. దాని నట్లే యుంచి, "భద్రిరాజు" అను పదముకడ "కృష్ణమూర్తి చూడుఁడు" అని యొక పంక్తి చేర్చినఁ జాలును.