హద్దు ముందు, అభిప్రాయం తర్వాత

డాలరు పెరుగుతుందా, తగ్గుతుందా? బ్యాంకులో విదేశీ మారక ద్రవ్య విభాగంలో పనిచేశానని తెలియగానే ఎవరైనా నన్ను అడిగే మొదటి ప్రశ్న ఇదే. ఈమధ్య అడిగేవాళ్ల వయసు బాగా తగ్గింది. ఇంజినీరింగ్ చివరి ఏడాది పిల్లలు, మొదటి జీతాలు అందుకుంటున్న కుర్రాళ్లు ఫోన్‌లో యాప్ తెరిచి చూపించి, ‘‘అంకుల్, ఇందులో యూరో, డాలరు ట్రేడింగ్ చేద్దామనుకుంటున్నాం, ఎక్కడ మొదలుపెట్టాలి?’’ అంటున్నారు. వాళ్ల ఆసక్తి నాకు నచ్చుతుంది. దేశాల వడ్డీ రేట్లు, ధరలు, ఎన్నికలు, యుద్ధాలు అన్నీ కలిసి ఒక్క అంకెలో తేలే మార్కెట్ ఇది. దాన్ని అర్థం చేసుకోవాలనుకోవడం మంచిదే. ఈ వారం కాలమ్ వాళ్లకోసం.

బ్యాంకు డీలింగ్ రూమ్‌లో డాలరు ఎటు అన్న ప్రశ్నది రెండో స్థానం. మొదటి ప్రశ్న వేరే ఉంది: ఈ పొజిషన్ మీద, అంటే కొని గానీ అమ్మి గానీ ఇంకా తేల్చకుండా ఉంచుకున్న మొత్తం మీద, ఎంతవరకు పోగొట్టుకోవచ్చు? ప్రతి డీలరుకూ పగటిపూట ఎంత పొజిషన్ ఉంచుకోవచ్చో, రాత్రికి ఎంత మిగుల్చుకోవచ్చో, నష్టం ఎంతకు చేరితే మారుమాట లేకుండా వదిలించుకోవాలో కాగితం మీద రాసి ఉంటుంది. ఆ అంకెలు డీలరు తనకు తాను పెట్టుకున్నవి కావు. కొనేది, అమ్మేది ఒకరు. హద్దు దాటారేమో చూసేది మరొకరు. అవతలి బ్యాంకుతో లెక్క సరిచూసి డబ్బు పంపేది ఇంకొకరు. ఏళ్ల అనుభవం ఉన్న డీలరును కూడా సంస్థ ఒంటరిగా నమ్మదు. అది అవమానం కాదు. నష్టంలో ఉన్న మనిషి తన నష్టం గురించి తాను సరిగ్గా తీర్పు చెప్పలేడని ఈ వృత్తి ఎంతో మూల్యం చెల్లించి నేర్చుకుంది.

ఆ మూల్యానికి ఒక లెక్క చెబుతాను. అమెరికాలోని బాల్టిమోర్‌లో ఆల్‌ఫస్ట్ అనే బ్యాంకు ఉండేది, ఐర్లండ్‌కు చెందిన అలైడ్ ఐరిష్ బ్యాంక్స్‌కు అనుబంధ సంస్థ. అక్కడ జాన్ రుస్నాక్ అనే కరెన్సీ ట్రేడరు జపాన్ యెన్ బలపడుతుందని నమ్మి పొజిషన్లు తీసుకున్నాడు. యెన్ అటు వెళ్లలేదు. నష్టాన్ని ఒప్పుకొని బయటపడకుండా, లేని ఆప్షన్ ఒప్పందాలు ఉన్నట్టు పుస్తకాల్లో చూపిస్తూ ఏళ్ల తరబడి లాక్కొచ్చాడు. సరిచూడాల్సిన విభాగం గట్టిగా సరిచూడలేదు. 2002 ఫిబ్రవరిలో బయటపడేసరికి నష్టం 69 కోట్ల 10 లక్షల డాలర్లు. యెన్ గురించి అతని అంచనా తప్పడం ఈ వృత్తిలో ఎవరికైనా జరిగేదే. అంతటి వినాశనానికి కారణం అతన్ని ఆపే హద్దు పనిచేయకపోవడం.

ఇప్పుడు ఫోన్ పట్టుకున్న కుర్రాడి వైపు చూడండి. డీలరు, పర్యవేక్షకుడు, లెక్కలు సరిచూసే గుమాస్తా, అన్నీ అతనొక్కడే. పెద్ద బ్యాంకు తన ఉత్తమ ఉద్యోగికి ఇవ్వని స్వేచ్ఛను ఆ యాప్ అతనికి మొదటి రోజే ఇచ్చేస్తుంది. నా భయమంతా అక్కడే.

ముందు ప్రాథమిక విషయాలు. కరెన్సీ ఎప్పుడూ జంటగానే కొంటాం, అమ్ముతాం. యూరో–డాలరు 1.1000 అంటే ఒక యూరోకు 1.10 డాలర్లు. అది కొంటే యూరో మీద నమ్మకం పెట్టినట్టు, అదే క్షణంలో డాలరును అమ్మినట్టు. నాలుగో దశాంశ స్థానంలో ఒక అంకె కదిలితే దాన్ని పిప్ అంటారు. ప్రామాణిక లాట్ 1,00,000 యూరోలు కాబట్టి ఒక్క పిప్ విలువ 10 డాలర్లు. ఈ మార్కెట్‌కు ఒక భవనం గానీ, ఒకే ఎక్స్ఛేంజి గానీ లేదు. సిడ్నీ, టోక్యో, లండన్, న్యూయార్క్ ఒకదాని తర్వాత ఒకటి మేల్కొంటూ వారంలో ఐదు రోజులు, రాత్రింబవళ్లు నడుస్తుంది. అంతర్జాతీయ చెల్లింపుల బ్యాంకు మూడేళ్లకోసారి చేసే సర్వే ప్రకారం 2025 ఏప్రిల్‌లో రోజుకు సగటున 9.6 లక్షల కోట్ల డాలర్ల లావాదేవీలు జరిగాయి. దాదాపు 90 శాతం లావాదేవీల్లో ఒక పక్క డాలరే ఉంది. అందులో అత్యధికం బ్యాంకులు, ఫండ్లు, పెద్ద కంపెనీలవి.

అసలు ప్రమాదం లెవరేజ్‌లో ఉంది. 100 రెట్ల లెవరేజ్ ఇస్తామని యాప్ చెబుతుంది. అంటే 1,100 డాలర్లు మార్జిన్‌గా కడితే 1,10,000 డాలర్ల విలువైన ఒక లాట్ మీ పేరున ఉంటుంది. యూరో 1.1000 నుంచి 1.0890కి దిగితే కదలిక ఒక్క శాతం. పిప్పుల్లో 110, డబ్బుల్లో 1,100 డాలర్లు. మీరు కట్టింది మొత్తం పోయింది. యూరో–డాలరు ఒక రోజులో అర శాతం అటూ ఇటూ ఊగడం మామూలు సంగతి. అంటే ఏ విశేషమూ లేని మంగళవారం కూడా మీ పెట్టుబడిలో సగం తుడిచిపెట్టుకుపోవచ్చు. సాయంత్రానికి యూరో మీరు అనుకున్న వైపే తిరిగినా, అప్పటికి మీ పొజిషన్‌ను బ్రోకర్ మూసేసి ఉంటాడు. దిశ సరిగ్గా చెప్పినవాళ్లు కూడా డబ్బు పోగొట్టుకునేది ఇలాగే.

ఖర్చు సంగతి చాలామంది పట్టించుకోరు. కొనే ధరకూ అమ్మే ధరకూ మధ్య తేడా స్ప్రెడ్. అది ఒకటిన్నర పిప్ అనుకుంటే లాట్‌కు 15 డాలర్లు. రోజుకు 10 ట్రేడ్లు చేస్తే 150 డాలర్లు. ఆ 1,100 డాలర్లే మీ పెట్టుబడి అయితే, అందులో 13 శాతానికి పైగా ఒక్క రోజులో గెలుపోటములతో సంబంధం లేకుండా ఖర్చయిపోతుంది. పొజిషన్‌ను రాత్రికి ఉంచుకుంటే రెండు కరెన్సీల వడ్డీ తేడాను బట్టి రావాల్సిందో, కట్టాల్సిందో మరికొంత ఉంటుంది.

‘‘స్టాప్‌లాస్ పెడితే చాలు కదా’’ అని అడుగుతారు. పెట్టాల్సిందే. కానీ అది ధర ఒక స్థాయికి పడితే అమ్మమని ఇచ్చే ఆదేశం మాత్రమే, ఆ ధరకు కొనేవాడు దొరుకుతాడన్న హామీ కాదు. స్విట్జర్లాండ్ కేంద్ర బ్యాంకు 2011 సెప్టెంబరులో ఒక యూరో 1.20 స్విస్ ఫ్రాంకుల కంటే తగ్గనివ్వబోమని ప్రకటించి, మూడేళ్లకు పైగా నిలబెట్టింది. ఆ మాట నమ్మి లెక్కలేనంత మంది 1.20కి కాస్త దిగువన స్టాప్‌లాస్ పెట్టి నిశ్చింతగా ఉన్నారు. 2015 జనవరి 15న ఆ బ్యాంకు ముందస్తు సూచన లేకుండా హద్దు ఎత్తేసింది. నిమిషాల్లో యూరో ధర ఒక ఫ్రాంకు కంటే కిందికి పడిపోయింది. మధ్యలో ధరే లేదు. స్టాప్‌లాస్‌లు ఎంతో దిగువన అమలయ్యాయి, చాలామంది పెట్టిందంతా పోగా బ్రోకర్లకు బాకీపడ్డారు. బ్రిటన్‌లో అల్పారి సంస్థ దివాలా తీసింది. ఎఫ్‌ఎక్స్‌సీఎం అనే పెద్ద బ్రోకరుకు ఖాతాదారుల నుంచి రావాల్సిన బాకీ ఒక్కరోజులో 22.5 కోట్ల డాలర్లకు చేరడంతో, 30 కోట్ల డాలర్ల అప్పు తెచ్చుకుంటే గానీ నిలబడలేదు. కాబట్టి కాపాడేది స్టాప్‌లాస్ ఒక్కటే కాదు. అది విఫలమైనా తట్టుకోగలిగేంత చిన్న పొజిషన్ తీసుకోవడం కూడా.

ఇదంతా కొత్తవాళ్లను భయపెట్టడానికి నేనల్లిన కథ కాదు. ఇలాంటి యాప్‌లు అమ్మే కాంట్రాక్టుల మీద ఐరోపా నియంత్రణ సంస్థ 2018లో ఆంక్షలు పెట్టినప్పుడు, చిన్న మదుపరుల ఖాతాల్లో 74 నుంచి 89 శాతం నష్టపోతున్నాయని తేల్చింది. ప్రధాన కరెన్సీ జంటల మీద లెవరేజ్‌ను 30 రెట్లకు పరిమితం చేసింది, ఆ నష్ట శాతాన్ని ప్రకటనల్లోనే చూపించమంది. చాలా యాప్‌లలో మీ ట్రేడ్‌కు అవతలి పక్షం బ్రోకరే. మీరు పోగొట్టుకున్నది వాళ్లకు ఆదాయం.

మన దేశం విషయంలో మరో మాట కూడా చెప్పాలి, అది చట్టం మాట. విదేశీ మారక ద్రవ్య నిర్వహణ చట్టం, ఫెమా ప్రకారం మనం కరెన్సీ లావాదేవీలు అధీకృత సంస్థలతో, అనుమతించిన అవసరాలకే చేయాలి. ఎలక్ట్రానిక్‌గా చేస్తే రిజర్వు బ్యాంకు అనుమతించిన వేదికల మీదో, గుర్తింపు పొందిన ఎక్స్ఛేంజిల్లోనో చేయాలి. ఏడాదికి 2,50,000 డాలర్ల వరకు విదేశాలకు పంపుకోవడానికి వీలు కల్పించే పథకం కింద కూడా, విదేశీ బ్రోకర్లకు మార్జిన్ కట్టడానికి డబ్బు పంపకూడదు. ఉల్లంఘిస్తే ఆ మొత్తానికి మూడు రెట్ల వరకు జరిమానా పడవచ్చు. అనుమతి లేని వేదికల పేర్లతో రిజర్వు బ్యాంకు 2022 సెప్టెంబరు నుంచి హెచ్చరిక జాబితా ప్రచురిస్తోంది. అందులో పేరు లేనంత మాత్రాన అనుమతి ఉన్నట్టు కాదని కూడా చెప్పింది.

నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో 2008 ఆగస్టు నుంచి డాలరు–రూపాయి ఫ్యూచర్స్ ఉన్నాయి, లాట్ 1,000 డాలర్లు. అయితే 2024 మే నుంచి రిజర్వు బ్యాంకు నియమాన్ని స్పష్టంగా అమలు చేస్తోంది: రూపాయితో ముడిపడిన ఈ కాంట్రాక్టులు తీసుకునేవాళ్లకు, నిజంగా విదేశీ కరెన్సీలో రావాల్సిందో కట్టాల్సిందో ఉండాలి. 10 కోట్ల డాలర్ల వరకు కాగితాలు చూపించమని అడగరు గానీ, అవసరం మాత్రం ఉండి తీరాలి. ఈ నియమం కొందరికి కోపం తెప్పించింది. నాకు మాత్రం ఇది డీలింగ్ రూమ్‌లోని హద్దునే దేశమంతటికీ గీసినట్టు అనిపించింది.

చట్టం కంటే ముందు జేబు ఖాళీ చేసేవి మోసాలు. వాట్సాప్, టెలిగ్రామ్ గ్రూపుల్లో లాభాల స్క్రీన్‌షాట్లు పెడతారు. మొదట చిన్న మొత్తం వెనక్కి తీసుకోనిస్తారు. నమ్మకం కుదిరాక పెద్ద మొత్తం వేయిస్తారు, తీసుకోబోతే ముందు పన్ను కట్టాలంటారు. డబ్బు వేయమని ఇచ్చేది ఎవరో ఒక వ్యక్తి బ్యాంకు ఖాతా లేదా యూపీఐ నంబరైతే అక్కడే ఆగిపోండి. మీకు వచ్చిన ‘లాభం’ కూడా మరొక బాధితుడి డబ్బే అయి ఉండవచ్చు, దానివల్ల మీ ఖాతా స్తంభించవచ్చు. మోసపోయామని తెలిసిన క్షణమే 1930కి ఫోన్ చేయండి. ఆలస్యమైన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

మరి ఈ విద్య ఎవరికి పనికొస్తుంది? మన చుట్టూ చాలామందికి. భీమవరం, కాకినాడ, విశాఖ నుంచి రొయ్యలు ఎగుమతి చేసే వ్యాపారికి లక్ష డాలర్లు 90 రోజుల తర్వాత వస్తాయనుకుందాం. ఈలోగా రూపాయి బలపడితే నష్టం. ఆయన బ్యాంకుతో ఫార్వర్డ్ కాంట్రాక్టు కుదుర్చుకుని రేటు ఖాయం చేసుకోవచ్చు. డాలరు 88 రూపాయలు, రెండు దేశాల వడ్డీ తేడా ఏడాదికి 2 శాతం అనుకుంటే, 90 రోజుల ప్రీమియం సుమారు 44 పైసలు, ఫార్వర్డ్ రేటు 88.44. అది భవిష్యత్తుకు జోస్యం కాదు, వడ్డీ లెక్క. ఆ తర్వాత డాలరు 90కి వెళ్తే ‘‘అయ్యో, లాభం పోయింది’’ అని బాధపడనక్కర్లేదు. రొయ్యల మీద రావాల్సిన లాభం చేతికొచ్చింది, ఆయన వ్యాపారం అదే.

జగిత్యాల, సిరిసిల్ల నుంచి గల్ఫ్ వెళ్లినవాళ్ల ఇళ్లలో దిర్హం రేటు రోజూ చూస్తారు. 1997 నుంచి డాలరుకు 3.6725 దిర్హాములు, 1986 నుంచి 3.75 సౌదీ రియాళ్లు అని ఆ దేశాలు కట్టుబడి ఉన్నాయి. కాబట్టి ఆ ఇళ్లు దిర్హం పేరుతో చూస్తున్నది డాలరునే. అమెరికాలో చదివే బిడ్డకు ఫీజు కట్టే తల్లిదండ్రులు, మొత్తం ఒకేసారి పంపకుండా విడతలుగా పంపితే ఒక్కరోజు రేటు మీద ఆధారపడనక్కర్లేదు. బ్యాంకు వేసే రేటుకూ ఆ గంటలో మార్కెట్ రేటుకూ తేడా ఎంతో అడగండి. అడిగితే తగ్గించే బ్యాంకులు ఉన్నాయి. ఏ యాప్ లాభం కంటే ఈ ఆదా ఖాయం.

నేర్చుకోవాలనే తపన ఉన్నవాళ్లకు నా సలహా: డబ్బు పెట్టకుండా నోట్‌బుక్‌తో మొదలుపెట్టండి. నేను ఈ పనిలో చేరినప్పుడు మా పై అధికారి ప్రతి ఊహాత్మక ట్రేడ్‌కు మొదటి గడిలో నష్టం ఎంతవరకో రాయించేవారు. ధర, కారణం ఆ తర్వాతే. మీరూ అలాగే రాయండి. లక్ష రూపాయలు ఉన్నాయనుకుని, ఒక ట్రేడ్‌లో ఒక్క శాతం, అంటే వెయ్యికి మించి పోకూడదని పెట్టుకోండి. డాలరు–రూపాయి లాట్‌లో 25 పైసల కదలికకు 250 రూపాయలు కాబట్టి, 25 పైసల దూరంలో స్టాప్‌లాస్ పెడితే నాలుగు లాట్లకు మించకూడదు. ప్రతిసారీ మిగిలినదాంట్లో ఒక్క శాతమే పెడితే, వరసగా పది ట్రేడ్లు పోయినా 90 వేలకు పైగా మిగులుతుంది. అదే ట్రేడ్‌కు పది శాతం చొప్పున పెడితే పది ఓటముల తర్వాత మిగిలేది 35 వేలకు కాస్త తక్కువ. మళ్లీ లక్షకు చేరాలంటే ఉన్నది దాదాపు మూడు రెట్లు కావాలి. కొన్ని నెలలు ఇలా రాస్తే మీ అంచనాలు ఎన్నిసార్లు తప్పాయో మీ చేతిరాతలోనే కనిపిస్తుంది. ఒక్క రూపాయి పోకుండా ఆ నిజం తెలుసుకోవడానికి ఇదే దారి.

ఆ నోట్‌బుక్‌ను ఇంట్లో ఒకరికి చూపించండి. అమ్మకో, అన్నకో, భార్యకో, మీ మాటకు ఎదురు చెప్పగల మనిషికి. పెద్ద బ్యాంకులో డీలరు వెనక నిలబడే పర్యవేక్షకుడి పని వాళ్లు చేస్తారు. చూపించడానికి మనసొప్పకపోతే ఆ ట్రేడ్ చేయకండి. అసలు విదేశీ కరెన్సీలో రావాల్సిందీ, కట్టాల్సిందీ ఏమీ లేనివాళ్లు నోట్‌బుక్‌తోనే ఆగిపోవాలని నేను గట్టిగా చెబుతాను. డాలరు ఎటు వెళుతుందో నాకు తెలియదు. మీ పొదుపు మాత్రం ఎక్కడ ఉండాలో తెలుసు.