టాంగోలో యూదుల పాలు

టాంగో యనగానే ఆలింగనబద్ధులైన స్త్రీపురుషుల నృత్యము మనకు స్ఫురించును. అర్జెంటీనా రాజధాని బ్వేనోస్ ఐరెస్ పేటలలోను, నది కావలి గట్టుననున్న మాంటెవిడియోలోను, 19వ శతాబ్ది చివర ఆఫ్రికా సంతతివారు, స్థానికులు, ఇటలీ, స్పెయిన్ దేశముల వలసవారు కలిసి పెంచిన కళ యిది. 1889లో ‘వేసెర్’ ఓడపై ఎనిమిదివందలకు పైగా యూదులు రష్యా సామ్రాజ్యమునుండి వచ్చి యచ్చట దిగిరి. పిమ్మట వచ్చినవారు ఓన్సే, వీజ్యా క్రెస్పో పేటలలో కుదురుకొనిరి. వారి ఫిడేలును టాంగో మేళములలో చేరినది.

ఈ చేరికకు ఎంత విలువ కట్టవలెను? టాంగోలోని విషాదమంతయు యూదుల ప్రార్థనా గానమునుండి వచ్చినదనుట అత్యుత్సాహమని మా అభిప్రాయము. ఆ విషాదచ్ఛాయ ఇటలీ పాటలలోను కలదు. ఎనిమిది మాత్రలను 3, 3, 2గా విరుచు తన నడక, బాల్యమున న్యూయార్కులో వినిన యూదుల పెండ్లి సంగీతమును పోలినదని ఆస్తర్ పియజోలా చెప్పియున్నాడు. పోలిక సత్యమే, కాని ఆ విరుపు మిలోంగాలో అంతకుముందే కలదు. ఇక నృత్యపు అడుగులలో యూదుల ముద్రను వేరుచేసి చూపుట మరింత కష్టము.

వారి పాలు స్వరములలో కంటె మనుష్యులలో స్పష్టముగా గోచరించును. ఇజ్రాయెల్ కప్లూన్‌గా పుట్టి రావుల్ కప్లూన్‌గా పేరొందిన వాయులీన విద్వాంసుడు ‘ఉనా ఎమోసియోన్’ను స్వరపరచెను. మాక్స్ గ్లుక్స్‌మన్ గార్దెల్ పాటలను గ్రామఫోను రికార్డులకెక్కించి, 1924 మొదలు టాంగో పోటీలు నడపెను. 1930లో విల్నా నగరమునుండి వచ్చిన జెవెల్ కాట్జ్ యిడ్డిష్ భాషలో స్పానిష్ మాటలు కలిపి పాడి, వలస బ్రదుకును నవ్వించెను.

టాంగో ఆ ఋణమును వేరొకచోట తీర్చినది. 1943లో, నాజీల చెరలోని విల్నా ఘెట్టోలో, భార్యను కోల్పోయిన కవి ష్మెర్కె కచెర్గిన్‌స్కి ‘ఫ్రీలింగ్’ అను పాట వ్రాసెను. ఫ్రీలింగ్ అనగా వసంతము. ఆబ్రహాం బ్రుడ్నో దానిని టాంగో వరుసలో కట్టెను. దుఃఖము యిడ్డిష్‌ది, నడక టాంగోది. ఆ కవి 1950లో బ్వేనోస్ ఐరెస్ చేరి, 1954లో విమాన ప్రమాదమున మరణించెను.

ఎవరి స్వరము ఎవరిదని తూచుట పరిశోధకుల పని. పరభాషల నడుమ తరతరములుగా కాపురముండు మనకు వేరొక మాట ముఖ్యము. వారు పొరుగువారి పాటను తమ పాటగా పాడుకొనిరి. తమ భాషను ఆ పాటలో నిలుపుకొనిరి.