నల్లబల్ల, చేతిపుస్తకము: డీఎంఏ గైడుపై ఒక విమర్శ

కొత్తవలస నుండి కిరండూల్‌కు పోవు రైలుమార్గము 1960ల దశకములో నిర్మింపబడినది. అరకులోయ విద్యార్థులకు అది చిరపరిచితము. ఒంటిపట్టా గల మార్గములలో బండ్లు ఎదురెదురుగా రాకుండ టోకెను పద్ధతి ఏర్పడినది. టోకెను చేతనున్న బండియే ఆ భాగమున ప్రవేశింపవలెను. కంప్యూటరులో ప్రాసెసరును, నెట్‌వర్కు కార్డు వంటి పరికరమును ఒకే మెమరీ భాగమును, అనగా బఫరును, వంతులవారీగా వాడుకొనుటను ఈ పోలికతో వివరించుట సులభము. పోలిక తప్పు కాదు. కాని అది సగమే చెప్పును.

మిగిలిన సగమునకు వేరొక పోలిక కావలెను. బొర్రా గుహల స్టేషనులో ఒక నల్లబల్లపై బండ్ల వేళలు ఉన్నవనుకొందము. మాస్టరు వాటిని తన చేతిపుస్తకములో ఎక్కించుకొనెను. తరువాత వేరొకరు బల్లపై వేళలు మార్చిరి. మాస్టరు వంతు వచ్చినను, పుస్తకమునే చూచినచో పాత వేళలే చెప్పును. బల్ల మెమరీ, పుస్తకము ప్రాసెసరు చెంతనుండు క్యాష్. పరికరము డీఎంఏ పద్ధతిలో ప్రాసెసరు జోక్యము లేకయే బల్లపై వ్రాయును.

ఈ విషయమై ప్రమాణముగా నిలిచినది లినక్సు కెర్నెల్‌తో పాటు లభించు 'డైనమిక్ డీఎంఏ మ్యాపింగ్ గైడ్'. డేవిడ్ మిల్లర్, రిచర్డ్ హెండర్సన్, యాకుబ్ యెలినెక్ దీని కర్తలు. బఫరు ఎప్పుడు ప్రాసెసరుది, ఎప్పుడు పరికరముది అనునది ఇందు నిక్కచ్చిగా నిర్ణయింపబడినది. ఒకే క్యాష్ వరుసలో రెండు వేరు వస్తువులుంచినచో ఒకదానిపై మరొకటి చెరిగిపోవచ్చునను హెచ్చరికయు కలదు. ఇవి దీని గుణములు.

లోపము పేరులో ఉన్నది. 'సింక్' అను ఒక్క మాట రెండు భిన్న కార్యములను కప్పిపుచ్చును. డేటా పరికరమునకు పోవునపుడు, పుస్తకములోని క్రొత్త వ్రాత బల్లకెక్కింపవలెను. పరికరము నుండి వచ్చినపుడు, పుస్తకములోని పాత పుట చింపవలెను. గైడు దిశను తెలుపుమని కోరును. కాని దిశ ఏల అవసరమో క్రొత్తవానికి మనసుకెక్కునట్లు చెప్పదు.

ఈ లోపము చిన్నది కాదు. ఎక్స్86 కంప్యూటర్లలో ఈ పొందికను సాధారణముగా హార్డ్‌వేరే చూచుకొనును. కావున సింక్ మరచిన ప్రోగ్రాము అచట సరిగనే నడచును. అదే ప్రోగ్రాము, అట్టి సదుపాయము లేని చిన్న ఏఆర్ఎం బోర్డుపై, ఒక్కొక్కపుడు పాత సంఖ్యలనే చూపును. యంత్రము ఆగదు, హెచ్చరిక రాదు. తప్పు లెక్క మాత్రము మిగులును. పరీక్షించిన కంప్యూటరే విద్యార్థిని మోసగించినట్లగును.

ఉపాధ్యాయులు ఇద్దరు విద్యార్థులకు ఒక పలక, ఒకనికి నోటుపుస్తకము ఇచ్చి ఈ ఆటను తరగతిలో ఆడింపవచ్చును. మొదట టోకెనుతో మాత్రమే ఆడించి, పొరపాటు ఎచట పుట్టునో వారిచేతనే కనిపెట్టింపవలెను. పుట చింపు నియమమును పిమ్మట చేర్చవలెను. గైడును అటుపిమ్మట చదివినచో, 'సింక్' అను మాట వెనుకనున్న రెండు పనులు వారికి వేరువేరుగా కనబడును.