కోపించిన ప్రవక్త, కోపించిన ముని

గోదావరి డెల్టాలోని ద్రాక్షారామం పంచారామాలలో ఒకటిగా ప్రసిద్ధమైన భీమేశ్వరాలయానికి నెలవు. సయ్యద్ షా భాజీ ఔలియా దర్గా కూడా ఆ ఊరిలోనే గలదు. తెలుగు సాహిత్యంలో ఈ క్షేత్రానికి శాశ్వత స్థానం కల్పించినది 15వ శతాబ్దిలో శ్రీనాథుడు రచించిన భీమేశ్వర పురాణము. రాజమహేంద్రవరపు రెడ్డిరాజుల కొలువులోని బెండపూడి అన్నయామాత్యునికి ఇది అంకితమైనది. అతడు పారసీ భాషలో లేఖలు వ్రాయగల నేర్పరి అని కవి ప్రత్యేకించి ప్రశంసించినాడు.

ఈ కావ్యంలో వేదవ్యాసుడు ద్రాక్షారామానికి వచ్చుటకు కారణం తీర్థయాత్రాసక్తి కాదు, కోపం. కాశిలో ఆయనకు, శిష్యులకు భిక్ష దొరకలేదు. ఆకలి బాధకు ఓర్వలేక, ఆ నగరవాసులకు మూడు తరాల వరకు ధనము, విద్య, మోక్షము లేకుండుగాక అని శపించుటకు ఆయన సిద్ధపడినాడు. పాఠశాల వాచకంలో ‘భిక్ష’ అను పేరుతో ఈ ఘట్టమును చదివిన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఫలితంగా ఆయన కాశి నుండి బహిష్కృతుడై దక్షిణాభిముఖుడైనాడు.

ఒక నగరముపై ఒక పుణ్యపురుషుడు కోపించుట అను ఈ ఇతివృత్తమే హీబ్రూ గ్రంథములలోని యోనా గ్రంథమునకు కూడా కేంద్రము. పశ్చాత్తాపమును గూర్చి హీబ్రూ ప్రవక్తలు చెప్పినది సంగ్రహంగా తెలిసికొనగోరువారికి నాలుగే అధ్యాయములు గల ఈ చిన్న గ్రంథమునకు మించినది లేదు. ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన ఉంచి చూచినచో, పాపులు పశ్చాత్తాపపడుట కంటె పుణ్యాత్ములు పశ్చాత్తాపపడుట ఎంత కష్టమో స్పష్టమగును.

యోనా అస్సీరియనుల మహానగరమైన నీనెవెకు పొమ్మన్న ఆజ్ఞను తప్పించుకొని ఓడ ఎక్కినాడు. తుఫాను, మత్స్యగర్భము, మరల ఒడ్డు. ఇవి బాలురకు సైతము తెలిసినవే. గ్రంథము యొక్క అసలు బరువు ఆ తరువాతి భాగంలో ఉన్నది. నగరంలో ఆయన చేసిన ప్రకటన హీబ్రూలో ఐదు పదములు మాత్రమే: నలుబది దినములలో నీనెవె తలక్రిందులగునని దాని భావము. ఇందులోని క్రియ సొదొమ నాశనమును వర్ణించుటకు వాడబడినదే. కాని దానికి ‘మారిపోవుట’ అను అర్థము కూడా కలదు. నగరము కూలలేదు, నగరము మారినది. ఈ విధముగా చూచినచో ప్రవక్త పలికిన మాట తప్పలేదు, ఆయన కోరిన అర్థములో మాత్రము నెరవేరలేదు.

పశ్చాత్తాపమునకు హీబ్రూలో ప్రధానమైన పదము ‘షూబ్’. అనగా మరలుట, వెనుకకు తిరిగివచ్చుట. అరామిక్‌లోని ‘తూబ్’, అరబీలోని ‘తాబ’ దీనికి సంబంధించినవే. తౌబా అను మాట ఇందుండియే మనకు పరిచితము. తెలుగులో పశ్చాత్తాపమనగా ‘తరువాత కలిగిన తాపము’. అది మనసులోని ఒక బాధను తెలుపును గాని నడకలోని మలుపును తెలుపదు. నీనెవె ప్రజలు బాధపడుటతో ఆగలేదు. రాజు సింహాసనము దిగి బూడిదలో కూర్చున్నాడు. పశువులకు కూడా గోనెపట్ట కట్టించినారు. చేతులలోని బలాత్కారమును విడిచినారు. ఉపవాస దినములలో పెద్దలు చేయవలసిన హితబోధను గూర్చి చెప్పుచు యూదుల మిష్నా ఒక సూక్ష్మమును గుర్తుచేయుచున్నది: దేవుడు చూచినది వారి గోనెపట్టను, ఉపవాసమును అని గ్రంథము చెప్పలేదు, వారి క్రియలను చూచెనని చెప్పినది.

అప్పుడు దేవుడు కీడు చేయక మానెను. ఇక్కడ హీబ్రూ మూలము ‘షూబ్’ను కాక ‘నాహమ్’ అను వేరొక క్రియను వాడినది. కనికరించుట, ఓదార్పు చెందుట, సంకల్పించిన శిక్షను నిలుపుట అను అర్థచ్ఛాయలు దానికున్నవి. ప్రచారములోనున్న తెలుగు బైబిలు దీనిని ‘పశ్చాత్తప్తుడై’ అని అనువదించుటచే, దేవుడే తప్పు చేసి చింతించెనా అను సందేహము చదువరికి కలుగుచున్నది. ఈ సందేహమునకు బాధ్యత అనువాదమునదే గాని మూలమునది కాదు. దేవుడు పశ్చాత్తాపపడుటకు మనుష్యుడు కాడని హీబ్రూ గ్రంథములే సంఖ్యాకాండములోను, సమూయేలు మొదటి గ్రంథములోను చెప్పుచున్నవి. మనిషి మరలినప్పుడు దైవము కరుణతో ఎదురగుటయే ఇక్కడి భావము. దివ్య ఖుర్‌ఆన్‌లో తౌబా మనిషికి, దైవమునకు ఇద్దరికిని ఒకే క్రియగా వచ్చుట, ‘తవ్వాబ్’ దైవనామములలో ఒకటగుట ఈ సందర్భమున గమనింపదగినవి.

నగరము క్షమింపబడిన వెంటనే యోనా మండిపడినాడు. ఆయన ఫిర్యాదు విచిత్రమైనది. దైవము కనికరము, దీర్ఘశాంతము, కృప గలవాడని నిర్గమకాండములో మోషేకు వెల్లడియైన మాటలనే ఆయన నేరారోపణగా తిప్పి చెప్పినాడు. నీనెవె చెడుతనమునకు, ప్రవక్త మనస్సులోని కష్టమునకు హీబ్రూ రచయిత ‘రఆ’ అను ఒకే పదమును వాడుట యాదృచ్ఛికము కాదు. నగరము విడిచిన చెడు ప్రవక్తలో మిగిలిపోయినది.

ఈ గ్రంథమును యూదుల సంకుచితత్వమునకు నిదర్శనముగా కొందరు క్రైస్తవ వ్యాఖ్యాతలు చదివినారు. అది న్యాయము కాదు. సంవత్సరమున కెల్ల పవిత్రమైన ప్రాయశ్చిత్త దినమున, యోమ్ కిప్పూర్ నాటి మధ్యాహ్న ప్రార్థనలో, యూదులు చదువుకొనునది ఈ గ్రంథమునే. తమ ప్రవక్త ఓడిపోయిన కథను తమ పశ్చాత్తాప దినముననే వినుట ఆత్మపరీక్ష గాని సంకుచితత్వము కానేరదు.

ఇక వ్యాసుని కథకు వచ్చినచో, శాపము పలుకబోవు సమయమున ఒక గృహిణి రూపంలో దేవి ఆయనను పిలిచినది. పిడికెడు నివ్వరి ధాన్యముతో, ఏరుకొన్న గింజలతో కాలము గడుపు తపసులు ఈ కాశిలో లేరా, వారు నీకంటె తెలివి తక్కువవారా అని మందలించినది. కాని అంతటితో ఆగక భోజనమునకు రమ్మన్నది. మిగిలిన మాటలు భుజించిన పిదప అన్నది. ఆకలి తీరిన తరువాతనే తీర్పు. దైవము యోనాకు ముందు సొరచెట్టు నీడనిచ్చి, అది వాడిన తరువాత ప్రశ్న అడిగిన పద్ధతి దీనికి చాల సన్నిహితము.

అయితే ముగింపులలో భేదమున్నది. శ్రీనాథుని కావ్యంలో మునికి కాశి తిరిగి లభింపలేదు; దక్షిణ కాశి వంటి ద్రాక్షారామము లభించినది. కరుణ స్థలరూపము దాల్చినది. అక్కడి నుండి కావ్యము క్షేత్రమహిమా వర్ణనలోనికి పోవుటచే, ముని హృదయము నిజముగా మరలినదా అను ప్రశ్న వెనుకబడినది. ఇది కావ్యలోపమని గాక పురాణ ప్రయోజనమని అనుకొన్నను, చదువరికి కొంత వెలితి మిగులును. హీబ్రూ గ్రంథము ఆ ప్రశ్ననే చివర నిలిపినది: కుడి ఎడమలు తెలియని లక్షా ఇరువది వేలకు మించిన జనము, అనేక పశువులు గల ఈ నగరమును నేను కనికరింపవద్దా? యోనా సమాధానము గ్రంథస్థము కాలేదు.

ఖుర్‌ఆన్‌లో ఆ సమాధానము లభించుచున్నది. హజ్రత్ యూనుస్ (అలైహిస్సలాం) కోపముతో వెడలిపోయి, చీకట్లలో నుండి తన తప్పును తానే ఒప్పుకొన్నారు. సొరతీగ అక్కడ గుణపాఠము కాదు. ఒడ్డున పడిన రోగికి నీడ. ఆ తరువాత ఆయన లక్షమందికి, అంతకు మించిన జనమునకు మరల పంపబడినారు. ప్రవక్త పునరుద్ధరణ అనగా తన నగరమునకు తాను తిరిగి దక్కుట.

దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) తాయిఫ్‌లో తిరస్కృతులైనప్పుడు, కొండల మధ్య ఆ జనమును నలిపివేయుటకు దైవదూత అనుమతి కోరగా, వారి సంతానములో దైవారాధకులు పుట్టగలరని ఆశించి వారించినారని బుఖారీ హదీసు. ఆ దినముననే ద్రాక్షపండ్లు తెచ్చి యిచ్చిన అద్దాస్ అను సేవకుడు నీనెవె వాడని సీరా గ్రంథములు చెప్పును. యూనుస్ గాథ అక్కడ సంపూర్తియైనది.

నీనెవెకు లభించిన క్షమ శాశ్వతమైన హామీ కాదు. క్రీ. పూ. 612లో ఆ నగరము కూలినది. దాని పతనమును పాడిన నహూము గ్రంథము కూడా యోనా గ్రంథమున్న పన్నెండుగురు ప్రవక్తల సంపుటములోనే ఉన్నది. మరలుట ప్రతి తరమునకు క్రొత్తగా జరుగవలసినదే. కోపము కూడ అట్లే మరల మరల పుట్టుచున్నది. పాత నీనెవె దిబ్బపై, మోసుల్‌లో నిలిచిన నబీ యూనుస్ మసీదును 2014 జూలైలో ధర్మము పేరు చెప్పుకొన్నవారే పేల్చివేసినారు. నగరములను శపించు అధికారము తమదని భావించువారు ఏ మతములోనైనను కలరు. వారు చదువవలసిన గ్రంథములు రెండు: ఒకటి యోనా, రెండవది ద్రాక్షారామానికి వెడలగొట్టబడిన ముని కథ.